‘వాన రాలే’ అంటే పడినట్టా, పడనట్టా?

నా మొదటి కథ అచ్చయిన వారానికి గుంటూరు స్నేహితుడొకడు ఫోన్ చేశాడు. కథ బాగుందన్నాడు. రెండు నిమిషాలు పొగిడాక కాస్త మొహమాటంగా అడిగాడు: “అంతా బానే ఉంది గానీ, చివర్లో వాన పడింది కదా, మరి వాళ్లెందుకు ఏడుస్తున్నారు?”

కథలో వాన పడలేదు. పడకపోవడమే కథ. కళ్యాణదుర్గం పక్కన మెట్టచేలో శెనక్కాయ విత్తనం వేసి మోడం కోసం తలెత్తి చూసే మనిషి గురించి రాశాను. చివర అతని భార్య గడప మీద కూర్చుని ఒకే మాట అంటుంది: “వాన రాలే.” నా లెక్కలో ఆ మాటతో ఆ సంసారం మునిగిపోయింది. మావాడి లెక్కలో ఆ మాటతో చినుకులు రాలాయి. ఆకు రాలినట్టు, పువ్వు రాలినట్టు వాన రాలె! పద్యాల్లో అలవాటైన భూతకాలం. ఎంత కవితాత్మకమైన ముగింపో అని కూడా అనుకున్నాడట.

మా వైపు ‘రాలే’ అంటే ‘రాలేదు’. చివరి ‘దు’ నోట్లోనే ఆగిపోతుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడే నేల మీద ఈ మాట అందరికీ తెలుసు. అక్షరాల్లోకి వచ్చేసరికి మాత్రం, తెలుగే మాతృభాషగా ఉన్న చదువుకున్న మనిషి దాన్ని సరిగ్గా తలకిందులుగా చదివాడు. నాకు నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. కోస్తా వాళ్లకి మా భాష ఎప్పుడు అర్థమైంది గనక అనుకున్నాను. ఆ కోపం పండక్కి ఊరెళ్లేదాకా బాగానే నిలబడింది.

ఊళ్లో మా జేజికి కథ చదివి వినిపించాను. ఆమెకు చదువు రాదు. కాళ్లు చాపుకుని, వక్క కొరుకుతూ, మధ్యలో ఒక్క మాట మాట్లాడకుండా మొత్తం వినింది. అయిపోయాక అడిగింది: “బాగుంది గానీ, ఈయప్పది యా ఊరు?”

“మన ఊరే జేజీ.”

“మన ఊర్లో ఇట్ల ఎవురు మాట్లాడతార్రా? సినిమాలో మాదిరి ఉండాది.”

గుంటూరు వాడికి నేను సరిగ్గా రాసిన మాట అర్థం కాలేదు. కళ్యాణదుర్గం ముసలామెకు నేను తప్పుగా రాసిన మాటలన్నీ దొరికిపోయాయి. అదే కథ, ఇద్దరు పాఠకులు. అప్పటి నుంచి కథల్లో సంభాషణ కనబడితే నేను ముందు చూసేది ఒక్కటే: ఈ మాట్లాడే మనిషిది యా ఊరు? ఆ ఊర్లో అతనిది ఏ చోటు? ఆ రెండు ప్రశ్నలకీ జవాబు అక్షరాల్లో దొరుకుతోందా?

కథ మళ్లీ తీసి చూసుకున్నాను. ఏం చేశానంటే, పల్లెటూరి మనిషి గనక ‘చ’ ఉన్నచోటల్లా ‘స’ పెట్టాను. ‘వ్యవసాయం’ను ‘యవసాయం’ చేశాను. ఒత్తులు తీసేశాను. కానీ క్రియల్ని అలాగే వదిలేశాను. నా రైతు “సూస్తన్నాను” అంటాడు, “సెప్పాడు” అంటాడు. అతని భార్య మొగుణ్ణి “ఏమండీ” అని పిలుస్తుంది. అంటే నేను కోస్తా పల్లె మనిషిని తెచ్చి కళ్యాణదుర్గం చేలో నిలబెట్టాను. చుట్టూ శెనక్కాయ చేను, రాగి సంగటి, ఊరుబిండి అన్నీ పెట్టాను. మనిషి మాత్రం రైలు దిగి వచ్చినవాడే. మొత్తం కథలో ఊరి మాట ఒక్కటే ఉంది: వాన రాలే. అది నేను రాసింది కాదు, చిన్నప్పుడు విన్నది.

ఇక్కడ ఒక చిన్న ప్రయోగం చేసి చూడండి. ‘వాడు రేపు వస్తాడని చెప్పాడు’ అనే వాక్యాన్ని నలుగురితో అనిపిద్దాం.

అనంతపురం వైపు బడికి పోని పెద్దాయన: “వాడు రేపొస్తాడని సెప్పినాడు.”

అదే ఊరి బడిపంతులు: “వాడు రేపొస్తాడని చెప్పినాడు.”

గోదావరి వైపు కూలీ: “ఆడు రేపొత్తాడని సెప్పేడు.”

ఆ ఊరి మాస్టారు: “వాడు రేపొస్తాడని చెప్పాడు.”

మా పెద్దాయననీ గోదావరి కూలీనీ కలిపింది ‘స’. మా పెద్దాయననీ మా బడిపంతులునీ కలిపింది ‘ఇనాడు’. ‘చ’ను ‘స’గా పలకడం అనంతపురం గుర్తు కాదు. శ్రీకాకుళం నుంచి హిందూపురం దాకా బడి మెట్లు ఎక్కనివాళ్లు పలికేదే. అది చదువు గుర్తు, చాలాసార్లు కులం గుర్తు. ‘చెప్పినాడు, వచ్చినాడు, పోయినాడు’ అనే క్రియ మాత్రం ఊరి గుర్తు. రెడ్డి అన్నా, బోయ అన్నా, మాల అన్నా, ఎమ్మే చదివినవాడు అన్నా ఇంట్లో అదే అంటారు. ఇంకోలా చెప్పాలంటే క్రియ ఊరు చెబుతుంది, హల్లు చదువు చెబుతుంది. వాళ్లు ఒకర్నొకరు పిలుచుకునే పిలుపు వాళ్ల మధ్య ఉన్న సంబంధం చెబుతుంది. ఈ మూడింటినీ కలిపేసి అంతటికీ కలిపి ‘యాస’ అని పేరు పెట్టేయడం దగ్గరే నాలాంటి వాళ్లందరం తప్పు చేస్తున్నాం.

తమాషా ఏమిటంటే, హైదరాబాదులో కూర్చుని చదివే పాఠకుడికి ‘చెప్పినాడు’ అంటే గ్రాంథికం లాగా కనిపిస్తుంది. ‘సెప్పాడు’ అంటే మాత్రం పల్లెటూరు అనిపిస్తుంది. మా జేజి మాట పాత పుస్తకం లాగా, నా తప్పుడు మాట అసలైన మట్టివాసన లాగా వినబడతాయన్నమాట. రచయితలు పాఠకుడి చెవికి లొంగి రెండోదాన్నే రాస్తారు. నేనూ అదే చేశాను.

ఇంకో చిక్కుంది. సీమలో కొన్ని చోట్ల ‘వస్తా’ అనేదాన్ని ‘వచ్చా’ అంటారు. ‘పోయొచ్చా’ అంటే ‘వెళ్లొస్తాను’ అని. గుమ్మం దగ్గర నిలబడి “నేను వచ్చా” అన్న మనిషి వస్తున్నట్టు కాదు, పోతున్నట్టు. ‘రేపు వచ్చాడు’ అని ఒక పాత్ర అంటే ప్రూఫులు దిద్దేవాళ్ల చెయ్యి ఊరుకోదు. రేపు అయినా తప్పవ్వాలి, వచ్చాడు అయినా తప్పవ్వాలి వాళ్లకి. భూతకాలం మా వైపు ‘వచ్చినాడు’ గనక ‘వచ్చాడు’ అనే రూపం భవిష్యత్తు కోసం ఖాళీగా ఉందని వాళ్లకెవరు చెప్పాలి? యాస అంటే ఏదో ఇష్టమొచ్చినట్టు విరిచి పలకడం అనుకునేవాళ్లు ఇది గమనించాలి. దానికీ ఒక వ్యాకరణం ఉంది. ఒకచోట కదిలిస్తే ఇంకోచోట సర్దుకుంటుంది.

భద్రిరాజు కృష్ణమూర్తి గారు తెలుగు మాండలికాలను పూర్వ, దక్షిణ, ఉత్తర, మధ్య మండలాలని నాలుగుగా చూపించారు. మాది దక్షిణ మండలం. ఆయన సంపాదకత్వంలో వ్యవసాయ పదాలతో ‘మాండలిక వృత్తి పదకోశం’ మొదటి సంపుటం 1962లో వచ్చింది. ఊరూరూ తిరిగి పదాలు ఏరిన ఆ పని ఎంత గొప్పదో చెప్పక్కర్లేదు. కాకపోతే మాండలికం రాయడమంటే పదాల జాబితా దించేయడమే అనే అలవాటు మనకి ఎక్కడి నుంచి వచ్చిందో గానీ, బాగా పాతుకుపోయింది. కథలో ఒక మడక, ఒక గుంటక, ఒక గెనం, ఒక కపిల బావి పడేస్తే సీమ కథ అయిపోతుందని నమ్మకం. చివర పేజీలో పదాలకు అర్థాలు ఇచ్చేస్తే పని పూర్తి.

మడకలు పోయి ట్రాక్టర్లు వచ్చాయి. బోర్లు వచ్చాక కపిల తోలడం చూసినవాళ్లు ముసలివాళ్లలోనే ఉన్నారు. ఆ వస్తువులతో పాటు ఆ మాటలూ పోతున్నాయి. కానీ మడక అంటే ఏమిటో తెలియని మా చిన్నాన్న కొడుకు ఫోన్లో ఏమంటాడు? “చార్జింగ్ పెడతండా, ఆగప్పా.” “వాట్సాప్‌లో పెట్టినా, చూసుకో.” బెంగుళూరులో ఆఫీసు గేటు బయట నిలబడి కూడా ఆ ‘తండా’ పోదు. మాండలికం బతికి ఉన్నది ఆ చిన్న తోకలోనే. నామవాచకాల కోసం మాత్రమే వెతికే రచయిత మ్యూజియం కడతాడు. అందులో వస్తువులన్నీ ఉంటాయి, మాట్లాడేవాళ్లు ఉండరు. పైగా నామవాచకానికి ఫుట్‌నోట్‌లో అర్థం ఇవ్వొచ్చు. ‘రాలే’కి ఏమని ఇస్తాం? అది తెలియని మాట అని పాఠకుడికి తెలిస్తే కదా ఫుట్‌నోట్ వైపు చూసేది!

మా జిల్లా రచయితలు ఈ సంగతి ఎప్పుడో గ్రహించారు. బండి నారాయణస్వామి నవల పేరు చూడండి: ‘గద్దలాడతండాయి’. ఆయనకి 2019లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం తెచ్చిన ‘శప్తభూమి’ అందరికీ తెలుసు. నాకు మాత్రం ఈ పేరు మీదే మోజు. ‘ఆడుతున్నాయి’ అని ఉంటే అది ఎక్కడి నుంచైనా కావచ్చు. ‘ఆడతండాయి’ అనగానే పెన్న ఒడ్డున నిలబడ్డట్టే. ఉన్నాయి అనాల్సినచోట ఉండాయి అనే నేల అది. ఇంకా ముఖ్యం, ఆ పేరులో చదువులేనితనాన్ని చూపించడానికి విరిచిన అక్షరం ఒక్కటీ లేదు. గద్ద గద్దలాగే ఉంది. మాట్లాడుతున్నది కూడా కథలో పాత్ర కాదు. అట్ట మీద నవలాకారుడే ఆ మాట అంటున్నాడు. కొటేషన్ గుర్తుల మధ్య బందీగా ఉండే యాసని గుర్తులు తీసేసి అట్ట మీదికి తెచ్చాడు.

శాంతినారాయణ ‘నాగలకట్ట సుద్దులు’ ఇంకో సంగతి చెబుతుంది. నాగులకట్ట అంటే చెట్టు కింద నాగప్రతిమలు నిలిపిన అరుగు. పనిలేని మధ్యాహ్నం ఊరంతా చేరేది అక్కడే. సుద్దులు అంటే కబుర్లు, సమాచారం. కన్నడంలో సుద్ది అంటే వార్త. ఒక్క పేరులో మా జిల్లా సరిహద్దు ఉంది. మబ్బును మోడం అంటాం, బొబ్బట్టును ఓళిగ అంటాం. రెండూ కన్నడంతో పంచుకున్నవే. బళ్లారి జిల్లాలో ఉండిన రాయదుర్గం 1953లో మాకొచ్చింది. మడకశిరకి మూడు పక్కలా కర్ణాటకే. ఇంట్లో కన్నడం, బడిలో తెలుగు, సంతలో రెండూ. అలాంటి చోట ‘స్వచ్ఛమైన సీమ యాస’ అంటూ వెతకడం మొదలుపెడితే దొరికేది మన ఊహే. ధర్మవరం మాటకీ రాయదుర్గం మాటకీ తేడా ఉంది, తాడిపత్రి వైపు పోతే ఇంకో తేడా. యాడికి అనే మండలం ఉంది మాకు. “యాడికి పోతండావు?” “యాడికికే.” ఈ జోకు మా జిల్లాలో పుట్టినవాళ్లందరికీ చిన్నప్పుడే పాతబడిపోయింది.

ఊరి సంగతి ఇక్కడ ఆపి, ఊళ్లో చోటు సంగతికి వద్దాం. ఇది ఇంకా కష్టం.

మా జేజి మా తాతని “ఏమండీ” అనగా నేనెప్పుడూ వినలేదు. “ఇదో” అనేది. లేకపోతే పిల్లల పేరు చెప్పి “వాళ్ల నాయన” అనేది. మాటకు చివర ‘అండి’ తగిలించడం మా పల్లెల్లో లేదు. అది చూసి సీమ వాళ్లకి మర్యాద తెలియదంటారు. మర్యాద ఉంది, వేరేచోట ఉంది. “ఆయప్ప వచ్చినాడు” అన్నప్పుడు ఆ ‘అప్ప’లో గౌరవం ఉంది. క్రియకి ‘రు’ లేదని చూసి అది ఏకవచనం, అవమానం అనుకుంటే తప్పు చదివేవాడిది. ఆఫీసులో అయితే ‘సార్’ వస్తుంది, ప్రతి వాక్యం చివరా. కోస్తా మనిషి ‘అండి’తో చేసే పనంతా మా మనిషి ‘సార్’తో చేస్తాడు.

మరి సేద్యగాడు భూస్వామి ఇంటి పదేళ్ల పిల్లాణ్ణి “సామీ” అని పిలిచి, ఆ పిల్లాడు అరవై ఏళ్ల మనిషిని “ఏంరా” అన్నప్పుడు? ఇద్దరూ ‘వస్తండా’ అనే అంటారు. క్రియ ఒక్కటే. ఊరూ ఒక్కటే. ఊరి లోపల గోడ మాత్రం ఆ రెండు పిలుపుల్లో ఉంది. చిలుకూరి దేవపుత్ర ‘పంచమం’ లాంటి నవల చదివేటప్పుడు కులం ఎక్కడెక్కడ మాట్లాడుతోందో వెతకాల్సింది అక్కడే అని నాకనిపిస్తుంది. దళిత పాత్ర నోట అక్షరాలన్నీ విరిచేసి, రెడ్డి నోట శుద్ధమైన ప్రమాణ భాష పెడితే కులభేదం చూపించినట్టు అనుకుంటాం. నిజానికి అప్పుడు మనం ఆ రెడ్డికి ఇంకో మెట్టు వేసి ఇస్తున్నాం. అతను కూడా ఇంట్లో ‘సంగటి తింటండా’ అనే మనిషేనన్న నిజాన్ని దాచేస్తున్నాం.

ముస్లిం పాత్రల విషయం మరీ అన్యాయం. తెలుగు కథల్లో సాయిబు అనగానే ‘నేను వస్తాడు, నువ్వు పోతాది’ అని మాట్లాడించడం ఒక పాత జబ్బు. కదిరిలో, హిందూపురంలో అంగళ్ల ముందు నిలబడి వినండి, ఎవరు ఏ మతమో మాటను బట్టి చెప్పగలరేమో చూద్దాం. ఇక దూదేకులవాళ్ల ఇళ్లల్లో సీమలో మాట్లాడేదే తెలుగు. వాళ్ల తల్లి భాష అదే. దూదేకుల ఆమె నోట విరిగిన తెలుగు పెట్టిన రచయిత ఆమెని చూసి ఉండొచ్చు, విని మాత్రం ఉండడు.

ఇదంతా కొత్తగా నేను కనిపెట్టిందేం కాదు. గురజాడ ‘కన్యాశుల్కం’ చదివినవాళ్లకి ఎవరి మాట ఎవరిదో పేరు చూడకుండానే తెలుస్తుంది. 1909 నాటి రెండో కూర్పులో గిరీశం ఇంగ్లీషు అతుకుల తెలుగు, మధురవాణి తెలుగు, అగ్రహారం తెలుగు వేరువేరుగా వినబడతాయి. రావిశాస్త్రి చేతిలో ఉత్తరాంధ్ర పేదల మాట నవ్వుకీ ఏడుపుకీ రెంటికీ సరిపోయింది. నామిని వచ్చి చిత్తూరు జిల్లా మాటతోనే కథనం మొత్తం నడిపించారు. దారి ఎప్పుడో పడింది. మనం ఆ దారిలో నడవకుండా సినిమా హాలు వైపు తిరిగాం.

‘సమరసింహారెడ్డి’ 1999, ‘ఇంద్ర’ 2002. నగరంలో పెరిగిన ఒక తరం సీమను చూసింది వీటిల్లోనే. ఆ కాలపు ఫ్యాక్షన్ సినిమాల్లో చాలావరకు హీరో ప్రమాణ భాషలో గర్జిస్తాడు, యాస పక్కనున్న అనుచరులకీ కమెడియన్లకీ వస్తుంది. ‘అరవింద సమేత’ (2018), ‘పుష్ప’ (2021) వచ్చాక హీరో నోటికి కూడా యాస ఎక్కింది. మంచిదే. కానీ పాఠకుడి చెవిలో సీమ మనిషి అంటే గట్టిగా మాట్లాడేవాడు అనేది అప్పటికే స్థిరపడిపోయింది. “వాన రాలే” అని గొంతు తగ్గించి చెప్పే మనిషికి ఆ చెవిలో చోటు లేదు. మా జేజి “సినిమాలో మాదిరి ఉండాది” అన్నది అందుకే.

ఇందులో అంత పట్టించుకోవాల్సింది ఏముందని అడగొచ్చు. ఏదో కథ, ఏవో నాలుగు సంభాషణలు. అర్థమైతే చాలదా?

నా చిన్నప్పటి నుంచి జిల్లా పేజీల్లో ఒక వాక్యం చదువుతూ పెరిగాను: ‘అప్పుల బాధ తాళలేక’. ఆ తర్వాత ఒక రైతు పేరు, ఊరి పేరు, పక్కన భార్య ‘బోరున విలపించింది’. ఈ వాక్యాన్ని ఎన్నిసార్లు చదివామో లెక్కలేదు. మా ఊళ్లో ఎవరి నోటా ‘తాళలేక’ అనే మాట నేను వినలేదు. వాళ్లు అనేది వేరు. “యాడ తెచ్చి కట్టేది?” అంటారు. “గమ్మునుండినాడు, ఏం మాట్లాడలే” అంటారు, మనిషి పోయాక. ఆ ‘మాట్లాడలే’ కూడా ‘రాలే’ లాంటిదే. చనిపోయినవాడి ఇంట్లో వాళ్లు చెప్పిన మాట కాగితం మీదికి ఎక్కేలోపు ఇంకెవరి మాటగానో మారిపోతుంది. అందరి చావూ ఒకే వాక్యం అయిపోతుంది. ఒకే వాక్యం అయ్యాక చదివేవాడు ఆగడు, పేజీ తిప్పుతాడు. పత్రికకి తొందర ఉంటుంది, నాలుగు లైన్ల చోటే ఉంటుంది, సరే. కథకుడికి ఆ తొందర లేదు. ఆ నాలుగు లైన్లు దాటి ఇంటి లోపలికి వెళ్లడానికే కదా కథ ఉన్నది. లోపలికి వెళ్లి కూడా అదే పేజీ భాష మాట్లాడితే, కాస్త ‘స’లు చల్లి, ఇక వెళ్లినట్టా?

సింగమనేని నారాయణ గారి ‘జూదం’ పేరే చెబుతుంది మెట్టసేద్యం ఏమిటో. ఆ తరం కథకుల్లో ఎక్కువమంది కథనాన్ని ప్రమాణ భాషలో నడిపి, సంభాషణకి మాత్రం ఊరి మాట వాడారు. రాష్ట్రమంతా చదవాలి, మా కరువు అందరికీ తెలియాలి అనే ఆరాటం అది. ఆ పద్ధతిని నేను తప్పు పట్టను. కానీ అందులో ఒక ప్రమాదం పొంచి ఉంటుంది. కథ చెప్పేవాడు ఒక భాషలో, కష్టపడేవాడు ఇంకో భాషలో ఉన్నప్పుడు మొదటివాడు తెలివైనవాడిగా, రెండోవాడు జాలిపడాల్సినవాడిగా తేలిపోవచ్చు. మంచి కథలు దాన్ని దాటతాయి, పాత్ర మాటలోనే పాత్ర తెలివి ఉంచి. ‘యాడ తెచ్చి కట్టేది’ అనేది జాలి మాట కాదు, లెక్క చూసుకున్న మాట.

నా కథని మళ్లీ రాశాను. కొత్తగా ఒక సన్నివేశం వచ్చి చేరింది. పంట నష్టం రాసుకోవడానికి ఆఫీసరు వస్తాడు. చెట్టు కింద కుర్చీ వేస్తారు. నా రైతు చేతులు కట్టుకుని నిలబడి చెబుతాడు: “వాన రాలేదు సార్. ఇత్తనమంతా పోయింది సార్.” రాలేదు. స్పష్టంగా, ‘దు’తో సహా. తెలిసిన భాషలన్నిట్లో గొప్పదాన్ని బయటికి తీసి, ఉతికిన చొక్కాలాగా తొడుక్కుని మాట్లాడతాడు. ఆఫీసరు వెళ్లిపోయాక ఇంటికొస్తే భార్య ఏం జరిగిందని అడగదు. ఇద్దరూ గడప మీద కూర్చుంటారు. అప్పుడు ఆమె అంటుంది: “వాన రాలే.”

మార్చింది అంతే. కానీ ఆ ‘దు’ ఉండటానికీ లేకపోవడానికీ మధ్య ఉన్న దూరం ఏమిటో నాకు రాస్తుంటే అర్థమైంది. ఒకే మనిషికి ఒకే యాస ఉంటుందనుకోవడం కూడా రచయితల భ్రమే. ఎవరి ముందు నిలబడితే వాళ్లని బట్టి మాట సర్దుకుంటుంది. ఆ సర్దుకోవడంలో భయం ఉంటుంది, ఆశ ఉంటుంది, ఒక్కోసారి ఎత్తుగడ కూడా ఉంటుంది. దాన్ని వినగలిగితే పాత్ర ఎక్కడివాడో, ఏమిటివాడో వేరే చెప్పక్కర్లేదు.

గుంటూరు మిత్రుడికి పంపాను. ఫోన్ చేసి, “ఈసారి ఏడుపు అర్థమైందిరా” అన్నాడు. ఫుట్‌నోట్ పెట్టలేదు, బ్రాకెట్లో అర్థం ఇవ్వలేదు. ఆఫీసరు ముందు అన్న ‘రాలేదు’ ఇంటి ముందు అన్న ‘రాలే’కి అర్థం చెప్పేసింది. అర్థం కాదేమో అన్న భయంతో మాటని చంపేయడం కంటే, అర్థమయ్యేలా దాని పక్కన ఇంకో మాటని నిలబెట్టడం మేలు. మొదటిసారి అతనికి అర్థం కాకపోవడంలో నా బద్ధకం కూడా సగం ఉంది.

పోయిన ఉగాదికి జేజికి మళ్లీ చదివి వినిపించాను. ‘ఏమండీ’లు లేవు. క్రియలన్నీ ఊరికి తిరిగొచ్చాయి. అంతా విని తలూపింది. “ఇప్పుడు మనోడే” అంది. నేను గర్వంగా కాగితాలు మడుస్తుంటే మళ్లీ అడిగింది:

“అయితే ఆ కుర్చీలో కూసున్నాయన, ఆయప్పది యా ఊరు?”

నా దగ్గర జవాబు లేదు. ఆఫీసరుకి నేను ఏ ఊరూ ఇవ్వలేదు. ఆయన చక్కటి అచ్చు భాష మాట్లాడతాడు, టీవీలో వార్తలు చదివినట్టు. ఆయనది తాడిపత్రి కావచ్చు, పెనుకొండ కావచ్చు. ఇంటికి ఫోన్ చేసి “వస్తండా, అన్నం పెట్టు” అనే మనిషే కావచ్చు. ఆ మాట రైతు చెవిన పడితే ఆ చెట్టు కింద ఇంకేం జరిగేదో! కుర్చీ మీద కూర్చున్న మాటకి యాస ఉండదని నేను కూడా నమ్మేశాను.

కథ మూడోసారి రాస్తండా.